తెలుగు 'క'కూ కన్నడ 'క'కూ మధ్య 128

ఈసారి రాత కొంచెం పొడుగు. ఆదివారం తీరికగా చదవండి.

మన పిల్లల తెలుగు తరగతికి పాఠాల పుస్తకం వేయాలన్న మాట వచ్చినప్పటి నుంచి మనలో ఒక వాదం నడుస్తూ ఉంది. పిల్లలకు బడిలో కన్నడం నేర్పుతారు, కన్నడ అక్షరాలు వాళ్ళకు వచ్చు. తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు లిపి రాదు. అందుకని తెలుగు పాఠాన్ని కన్నడ అక్షరాల్లోనే అచ్చు వేస్తే సరిపోతుంది కదా, రెండు లిపులూ దాదాపు ఒకటే కదా అని కొందరి మాట. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఉన్న మన అబ్బాయిలూ అమ్మాయిలూ దీనికి వాళ్ళ పని భాషలో పేరు పెట్టినారు: 'డూప్లికేట్ కోడ్'. ఒకే పనిని రెండు చోట్ల రాస్తే, ఒకచోట దిద్ది ఇంకోచోట మరిచిపోతారు, అందుకే ఒక్కచోటే రాయాలి అన్నది వాళ్ళ వృత్తి ధర్మం. పెద్దవాళ్ళలో కొందరికి ఆ మాట కష్టంగా తోచింది. మన లిపిని డూప్లికేట్ అంటారా అని.

పిల్లల మాటలో న్యాయం ఉంది. అయితే వాళ్ళ వృత్తిలోనే ఇంకో ప్రశ్న కూడా ఉంది, అది వాళ్ళను అడిగితే వాళ్ళే చెప్పినారు. రెండు రకాలకు చుట్టరికం లేదు, కానీ లోపల ఉండే భాగాలు ఒకేలా ఉన్నాయి. అప్పుడు ఏం చేయాలి? రెండింటినీ కలిపి ఒకటి చేయాలా? ఒకే కోడ్‌ను రెండుసార్లు రాయాలా? మూడో దారి ఏమన్నా ఉందా?

ఈ ప్రశ్నను మన దేశంలో మన లిపుల మీదనే ఒకసారి వేసి, తేల్చి, తప్పులు చేసి, దిద్దుకున్నారు. ఆ చరిత్ర తెలిస్తే మన పుస్తకం సంగతి మనమే తేల్చుకోవచ్చు.

ముందు మాకు బాగా తెలిసిన రైల్వే నుంచి ఒక ఉదాహరణ. ప్రయాణికుడి టికెట్, పార్సిల్ వే బిల్లు, గూడ్స్ రైల్వే రసీదు, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటిలోనూ బయలుదేరే స్టేషన్, చేరే స్టేషన్, దూరం, ఛార్జీ, తేదీ ఉంటాయి. అయినా ప్రయాణికుడికీ మిరపకాయల బస్తాకూ చుట్టరికం ఏముంది? టికెట్‌కు తరగతి కావాలి, పార్సిల్‌కు బరువు కావాలి, గూడ్స్‌కు ఏ రకం సరుకు అన్నది కావాలి. మూడింటికీ కలిపి ఒకే ఫారం అచ్చు వేసి ఉంటే బస్తాకు బెర్తు నంబరు కాలమ్, మనిషికి బరువు కాలమ్ ఉండేవి. అలా ఎవరూ చేయలేదు. అలాగని ఒక్కో ఆఫీసుకు ఒక్కో దూరాల లెక్క కూడా పెట్టలేదు. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు ఎన్ని కిలోమీటర్లు అన్నది పట్టిక చూసి చెప్పేదే గానీ గుమాస్తా సొంతంగా కొలిచేది కాదు. స్టేషన్ కోడ్ కూడా అంతే. బెంగళూరు సిటీ స్టేషన్‌కు క్రాంతివీర సంగొళ్ళి రాయన్న పేరు పెట్టిన తర్వాత కూడా కోడ్ 'ఎస్‌బీసీ'గానే ఉంది. టికెట్‌కూ పార్సిల్‌కూ ఆ మూడు అక్షరాలే.

అంటే ఫారాలు వేరువేరు, పట్టిక ఒకటి. నిజంగా ఒకటైనది ఏదో దాన్ని మాత్రం ఒక్కచోట పెట్టి, మిగతాది ఎవరిది వాళ్ళకు వదిలేసినారు. సాఫ్ట్‌వేర్ పిల్లలు చెప్పేదీ ఇదే. చుట్టరికం లేని రెండింటికి లేని తండ్రిని కల్పించడం వాళ్ళ వృత్తిలో పెద్ద పొరపాటట. దానికి బదులు 'ఇంటర్‌ఫేస్' అనే ఒప్పందం పెట్టుకుంటారు. "నీ దగ్గర దూరం, బరువు ఉన్నాయా? ఉంటే ఈ లెక్క నీకూ వేసిపెడతాను, నువ్వు ఎవరి బిడ్డవో నాకు అక్కరలేదు" అన్నట్టు ఉంటుంది ఆ ఒప్పందం. తేడాలుంటే వాటిని ఒక చిన్న పట్టికలో రాసి పక్కన పెడతారు.

ఇక లిపుల సంగతికి వద్దాం.

తెలుగు, కన్నడ లిపులకు చుట్టరికం లేదని ఎవరూ అనలేరు. బెంగళూరులోనే సాక్ష్యం ఉంది. హెబ్బాళలో దొరికిన కిట్టయ్య వీరగల్లు సుమారు క్రీ.శ. 750 నాటిది. బేగూరు నాగేశ్వర గుడిలో ఉన్న శాసనం సుమారు 890 నాటిది, 'బెంగళూరు' అన్న పేరు అందులో ఉంది. రెండూ కన్నడ శాసనాలే. కడప జిల్లా కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల తెలుగు శాసనం సుమారు 575 నాటిది. ఈ రాళ్ళ మీది లిపి ఒకే కుటుంబానిది, అందుకే చరిత్రకారులు తెలుగు-కన్నడ లిపి అని కలిపి చెప్తారు. 13వ శతాబ్దం తర్వాత మెల్లమెల్లగా దారులు వేరైనాయి. తెలుగు తలకట్టు పైకి లేచిన టిక్కు గుర్తు మాదిరి నిలిచింది, కన్నడ తలకట్టు అడ్డంగా పడుకున్న గీత అయింది. క, త, శ, హ లాంటివి రూపం మార్చుకున్నాయి. గ, జ, ద, న, మ, ల లాంటివి ఈ రోజుకూ కవలల్లా ఉన్నాయి. అచ్చు యంత్రం వచ్చిన తర్వాత ఈ తేడాలు సీసంలో గట్టిపడినాయి. శ్రీరాంపూర్‌లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, కన్నడ వ్యాకరణం 1817లో వెలువడినాయి. రెండు భాషలకు రెండు పుస్తకాలు, రెండు రకాల అచ్చు అక్షరాలు.

మేము తమిళ మాధ్యమంలో చదివినవాళ్ళం. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అచ్చులు 12, హల్లులు 18, వాటి కలయికలు 216, ఆయ్తం 1, మొత్తం 247 అని మా పంతుళ్ళు కంఠస్థం చేయించినారు. తెలుగు అక్షరాలు రాక, ఊరికి ఉత్తరాలు తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో పెట్టి రాసేవాళ్ళం. మా తరంలో ఆ పక్కనుంచి వచ్చిన తెలుగువాళ్ళు చాలామంది ఇలాగే రాసినారు. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, ద ఒకటే. ప, బ ఒకటే. కాబట్టి 'గంప' రాసినా 'కంప' రాసినా కాగితం మీద ఒకటే. 'తాత ఇచ్చినాడు' అన్నా 'దాత ఇచ్చినాడు' అన్నా ఒకటే. 'పాట' ఏదో 'బాట' ఏదో చదివేవాళ్ళు సందర్భం చూసి ఊహించుకోవాల్సిందే. మాట తెలిసినవాళ్ళకు ఇబ్బంది లేదు. తెలియని మనవడికి ఆ ఉత్తరం ఇస్తే గంపలో కూరగాయలు తెచ్చినారో కంప మీద పడినారో తెలియదు.

ఇది తమిళ లిపి లోపం కాదు. తమిళ భాషకు ఆ అక్షరాలు సరిగ్గా సరిపోతాయి. అది వేరే భాష కోసం కుట్టిన చొక్కా, అంతే. కన్నడ చొక్కా తెలుగుకు చాలా దగ్గరగా సరిపోతుంది, అదే మన పిల్లల వాదానికి బలం. ఎంత దగ్గరో, ఎక్కడ బిగుతో ఇప్పుడు చూద్దాం.

1980లలో కంప్యూటర్లలోకి భారతీయ భాషలు తేవాలన్నప్పుడు పెద్ద చిక్కు వచ్చింది. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె మాత్రం తెలుసు. ప్రతి అక్షరానికి ఒక అంకె ఇవ్వాలి. అప్పటి లెక్కలో ఒక్కో అక్షరానికి ఒక బైట్, అంటే 256 స్థానాలు. అందులో మొదటి 128 ఇంగ్లీషువి. మిగిలిన 128లో మనవి సర్దాలి. నాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడ, మలయాళం అన్నీ బ్రాహ్మి సంతానం. అన్నింటిలోనూ అ ఆ ఇ ఈ, తర్వాత క వర్గం, చ వర్గం, ట వర్గం. అప్పటి పెద్దలు, ఇన్ని పట్టికలు ఎందుకు, ఒక్క పట్టిక చాలు అన్నారు. అలా పుట్టినదే 'ఇస్కీ'. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 అనే సంఖ్యతో దాన్ని ప్రమాణం చేసింది.

ఇస్కీలో 'క'కు అంకె 179. తెలుగు క 179, కన్నడ క 179, హిందీ క 179, తమిళ క 179. ఏ లిపిలో చూపించాలన్నది ముందు ఒక గుర్తు పెట్టి చెప్పాలి. ఆ గుర్తు మారిస్తే, తెలుగులో టైపు చేసినదే కన్నడలో కనిపిస్తుంది. కీబోర్డు కూడా అలాగే. 1986లో ఎలక్ట్రానిక్స్ శాఖ తెచ్చిన 'ఇన్‌స్క్రిప్ట్' అమరికలో ఇంగ్లీషు 'కే' మీట నొక్కితే ఏ భాషలోనైనా 'క' వస్తుంది. ఒక భాషలో టైపింగ్ నేర్చుకుంటే తొమ్మిది లిపుల్లో వేళ్ళు నడుస్తాయి.

ఇంత పొదుపు మనవాళ్ళకే చేతనవును. పట్టిక చేసినవాళ్ళు చాలా జాగ్రత్త కూడా పడినారు. హిందీకి అక్కరలేని హ్రస్వ ఎ, ఒ మనకోసం పెట్టినారు. తమిళ ఱ, ழ కోసం చోటు పెట్టినారు (ఆ రెండో అక్షరాన్ని తెలుగులో ఴ అని రాస్తారు). అందరి అవసరాలూ కలిపిన పట్టిక అది. ఉర్దూ మాత్రం ఇందులో చేరలేదు. మన శివాజీనగర్ బోర్డుల మీద కనిపించే ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, దాని పుట్టుకే వేరు. దానికి వేరే ప్రమాణం పెట్టినారు. పోలిక లేనిచోట కలపాలని పట్టుబట్టకపోవడం కూడా తెలివే.

అయితే ఇస్కీలో ఒక ముప్పు ఉంది. లిపి ఏదో చెప్పే గుర్తు పోతే 179 ఎవరి 'క' అన్నది తేలదు. పార్సిల్ ఆఫీసులో చీటీ ఊడిపోయిన పెట్టె మాదిరి. పెట్టె భద్రంగానే ఉంటుంది, ఎవరికి ఇవ్వాలో తెలియదు. ఒకే పేజీలో తెలుగు, కన్నడ, తమిళం కలిపి రాయాలంటే ప్రతి మాట ముందూ చీటీ అంటించాలి.

అదే 1991 అక్టోబరులో 'యూనికోడ్' మొదటి సంచిక వచ్చింది. స్థలానికి కరువు లేదు కాబట్టి వాళ్ళు ఇంకో విధంగా ఆలోచించినారు. ఒక్కో లిపికి ఒక్కో వీధి ఇచ్చినారు, 128 ఇళ్ళ వీధి. కానీ వీధిలో ఇళ్ళ వరస మాత్రం ఇస్కీ వరసే. 1988 నాటి ఇస్కీని ముందర పెట్టుకుని ఆ వరస దించినారు. అందువల్ల ఒక చక్కని లెక్క కుదిరింది. తమిళ క అంకె 2965. దానికి 128 కలిపితే 3093, అది తెలుగు క. ఇంకో 128 కలిపితే 3221, అది కన్నడ క. ఇంకో 128 కలిపితే 3349, మలయాళ క. తెలుగు వీధిలో ఏ నంబరు ఇంట్లో 'మ' ఉంటుందో కన్నడ వీధిలోనూ అదే నంబరు ఇంట్లో 'మ' ఉంటుంది. తెలుగు రాతను కన్నడ లిపిలోకి మార్చాలంటే ప్రతి అక్షరం అంకెకు 128 కలపడమే, దాదాపుగా. ఆ 'దాదాపుగా' అన్న మాట గుర్తుపెట్టుకోండి.

తమిళ వీధిలో క తర్వాత మూడు ఇళ్ళు ఖాళీ. 2966, 2967, 2968లలో ఎవరూ లేరు. ఖ, గ, ఘ ఉండాల్సిన ఇళ్ళు అవి. పక్కవీధిలో ఉన్నాయి కదా అని తమిళంలో లేని అక్షరాలను తెచ్చి కాపురం పెట్టించలేదు. మేము చిన్నప్పుడు గంపకూ కంపకూ తేడా రాయలేకపోయిన కారణం అంకెల్లో చూడాలంటే ఆ మూడు ఖాళీ ఇళ్ళే.

ఇంకో ముచ్చట. పద్యం పాదం చివర నిలువు గీత, పద్యం చివర జంట గీత వేస్తాం కదా. అది తెలుగుదా, సంస్కృతందా, కన్నడందా? అందరిదీ. కాబట్టి దాన్ని ప్రతి వీధిలోనూ కట్టలేదు. నాగరి వీధిలో 2404, 2405 నంబర్లలో ఒక్కసారి పెట్టి, అందరూ వాటినే వాడుకోండి అన్నారు. రైల్వే దూరాల పట్టిక పద్ధతే ఇది.

ఇదే యూనికోడ్ ఇంకోచోట కలిపేసింది కూడా. చైనా, జపాన్, కొరియా భాషల్లో వాడే చైనా అక్షరాలను, పుట్టుక ఒకటే కాబట్టి, ఒక్కో అక్షరానికి ఒకే అంకె ఇచ్చి 20,902 అక్షరాల పట్టిక చేసినారు. జపాన్‌లో చాలామందికి అది నచ్చలేదు. తాము రాసే రూపం ఒకటి, తెర మీద కనిపించేది పొరుగువాళ్ళ రూపం అని ఆక్షేపించినారు. దానికి ఎదురుగా, ఇంగ్లీషు 'ఏ', గ్రీకు 'ఆల్ఫా', రష్యా 'ఆ' పెద్దక్షరాలు మూడూ చూడటానికి ఒకటే అయినా మూడింటికీ వేరు అంకెలు. రూపం ఒకటైనంత మాత్రాన కలిపేయాలని నియమం లేదు, పుట్టుక ఒకటైతే విడదీయకూడదనీ లేదు. ప్రతిచోటా కూర్చుని తేల్చుకోవాల్సిందే.

ఇప్పుడు 'దాదాపుగా' అన్న మాట దగ్గరికి వద్దాం.

పాత తెలుగు శాసనాల్లో ఴ అనే అక్షరం ఉంది. (పాత ఫోన్లలో ఇది ఖాళీ పెట్టెలా కనిపించవచ్చు.) తమిళులు ఈ రోజుకూ పలికే అక్షరమే. తమిళ వీధిలో దాని నంబరు 2996. అందుకు సరిపోయే తెలుగు ఇల్లు 3124, కానీ 1991లో అది ఖాళీగా వదిలేసినారు. 2014లో యూనికోడ్ 7వ సంచికలో ఆ అక్షరం వచ్చి తన ఇంట్లో తాను చేరింది. ఇరవై మూడేళ్ళు ఇల్లు ఖాళీగా ఉన్నా ఎవరికీ అద్దెకు ఇవ్వలేదు. చూస్తే ముచ్చటేస్తుంది.

కన్నడం కథ వేరుగా జరిగింది. పాత కన్నడంలోనూ ఆ అక్షరం ఉంది. లెక్క ప్రకారం దాని ఇల్లు 3252. కానీ అక్కడ ఎవరూ లేరు. కన్నడ వీధిలో ఆ అక్షరం 3294లో ఉంది, అదీ 'ఫ' అన్న తప్పు పేరుతో. ఆ నంబరుకు సరిపోయే నాగరి ఇల్లు 2398. అక్కడ ఉండేది హిందీలో ఉర్దూ మాటల కోసం కింద చుక్క పెట్టి రాసే 'ఫ'. హిందీ వీధిలోని పేరే కన్నడ వీధిలో అదే వరస ఇంటి మీదా పడింది. యూనికోడ్‌లో ఒకసారి పెట్టిన పేరు మార్చకూడదని నియమం. కాబట్టి ఈ రోజుకూ అధికారిక పట్టికలో ఆ పాత కన్నడ అక్షరం పేరు 'ఫ'నే. ఇది తప్పు అని పక్కన సవరణ పేరు చేర్చినారు.

ఈ అక్షరం దగ్గర 128 కలిపే లెక్క పనిచేయదు. భాగాలు ఒకేలా ఉన్నాయి కదా అని చూడకుండా నడిస్తే కాలు జారేది ఇలాంటిచోటే. ఇంకోపక్క 2021లో పాత 'నకార పొల్లు' రెండు వీధుల్లోకీ ఒకేసారి వచ్చింది. తెలుగులో 3165, కన్నడలో 3293. తీసేసి చూడండి, సరిగ్గా 128. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా వరస పాటించినారు.

మరి కోడ్ సంగతి? తొమ్మిది వీధులకు తొమ్మిది ప్రోగ్రాములు రాసినారా? అక్కడే మన పిల్లలకు నచ్చే విషయం ఉంది. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో అక్షరాలను గుణింతాలతో, వత్తులతో సరిగ్గా కూర్చి చూపించే ప్రోగ్రాము పేరు 'హార్ఫ్‌బజ్'. అందులో ఈ తొమ్మిది లిపులకూ కలిపి ఒకే కోడ్ ఉంది. ఆ కోడ్ ముందు ఒక చిన్న పట్టిక. లిపికి ఒక వరుస. పొల్లు అంకె ఏది, రేఫ ఎక్కడ కూర్చుంటుంది, ఎప్పుడు కూర్చుంటుంది అన్న తేడాలు మాత్రం అందులో ఉంటాయి.

తెలుగు వరుసకూ కన్నడ వరుసకూ పొల్లు అంకె కాక తేడా ఒక్కచోటే. కన్నడంలో 'సూర్య' రాస్తే ర కొమ్ములాంటి గుర్తుగా మారి య తర్వాత కూర్చుంటుంది. దాన్ని వాళ్ళు అర్కావత్తు అంటారు. తెలుగులోనూ పూర్వం అది ఉండేది, వలపల గిలక అంటారు. మన పాత పుస్తకాలలో కనిపిస్తుంది. ఇప్పుడు మనం ర రాసి కింద య వత్తు ఇస్తాం. యంత్రంలో దాచే అక్షరాల వరస రెండు భాషల్లోనూ ఒకటే: స, ఊకారం, ర, పొల్లు, య. చూపించేటప్పుడు మాత్రం కన్నడంలో గిలక తానుగా వస్తుంది, తెలుగులో ప్రత్యేకంగా అడిగితేనే వస్తుంది. తెలుగువాళ్ళు తమ గిలకను వదులుకున్న చరిత్ర అంతా ఆ పట్టికలో ఒక్క గడి. కోడ్ రెండుసార్లు రాయలేదు, లిపులను కలిపేయలేదు.

మరీ పోలిక ఉన్నచోట కాపలా కూడా పెట్టినారు. ఇంటర్నెట్ చిరునామాలను భారతీయ లిపుల్లో ఇవ్వాలన్నప్పుడు ఒక భయం వచ్చింది. తెలుగు గ, న, మ లతో రాసిన పేరు, కన్నడ గ, న, మ లతో రాసిన పేరు కంటికి ఒకటే, యంత్రానికి రెండు. ఒకరి పేరుతో ఇంకొకరు మోసం చేయవచ్చు. అందుకని 'ఐకాన్' సంస్థ కింద పనిచేసిన నియో-బ్రాహ్మీ నిపుణుల బృందం తెలుగు, కన్నడ అక్షరాల్లో ఏవి ఏవి కవలలో జాబితా రాసింది, ఒకటి ఒకరికి ఇస్తే దాని కవల ఇంకొకరికి పోకుండా. వేరు ఇళ్ళలో ఉన్నా కవలలని గుర్తుంచుకున్నారన్నమాట.

ఈ ఏర్పాటు అందరికీ నచ్చిందనీ చెప్పలేము. తమిళ పండితుల్లో చాలామందికి ఇప్పటికీ అసంతృప్తి ఉంది. తమిళ వ్యాకరణంలో పుళ్ళి పెట్టిన హల్లు మూలం, అచ్చు చేరితే ఉయిర్మెయ్ అవుతుంది. ఇస్కీ వరసలో అకారంతో ఉన్న 'క' మూలం, పొల్లు తర్వాత చేరుతుంది. నాగరికి కుట్టిన కొలతలో తమిళాన్ని పెట్టినారన్నది వాళ్ళ మాట. 247 అక్షరాలకూ సొంత అంకెలు కావాలని 'టేస్ 16' అనే పద్ధతి తయారుచేసినారు. తమిళనాడు ప్రభుత్వం 2010లో యూనికోడ్‌తో పాటు దాన్నీ ప్రమాణంగా ఒప్పుకుంది. 247ను కంఠస్థం చేసినవాళ్ళం కాబట్టి వాళ్ళ బాధ మాకు అర్థమవుతుంది. ఒక పట్టిక నలుగురికి పంచేటప్పుడు కొలత ఎవరిది తీసుకున్నారన్నది చిన్న విషయం కాదు.

ఇప్పుడు మన పుస్తకం. తెలుగు పాఠాన్ని కన్నడ అక్షరాల్లో మాత్రమే వేస్తే గంప కంప అవదు, అది నిజం. మాకు తమిళంలో జరిగిన నష్టం పిల్లలకు కన్నడంలో జరగదు. కానీ ఆ పుస్తకం చదివిన పిల్లవాడు కడపలో బస్సు బోర్డు చదవలేడు. చిత్తూరులో అవ్వ దాచిపెట్టిన పాత ఉత్తరం చదవలేడు. హైదరాబాదు మేనమామ ఫోన్‌లో పంపే నాలుగు ముక్కలూ చదవలేడు. వాడికి తెలుగు చెవికి మాత్రమే తెలిసిన భాషగా మిగిలిపోతుంది. మేము అలా చాలా ఏళ్ళు గడిపినాము. తెలుగు పేపరు చదువుతున్నవాళ్ళ పక్కన కూర్చుని, "ఏం రాసినారు" అని అడిగి చెప్పించుకున్న రోజులు మాకు గుర్తు. బెంగళూరుకు వచ్చిన తర్వాత కన్నడ బోర్డులు చూసి, ఆ అక్షరాల పోలికతోనే తెలుగు చదవడం నేర్చుకున్నాము. కాబట్టి కన్నడ అక్షరం మనకు పోటీ కాదు, నిచ్చెన. ఆ నిచ్చెనను పిల్లలకూ వేయవచ్చు.

మా సలహా ఇది. పాఠం ఒక్కసారే తెలుగులో టైపు చేద్దాం. 128 కలిపే చిన్న ప్రోగ్రాము మన పిల్లలే రాసి, కన్నడ అక్షరాల రూపం దానినుంచే తీయాలి. తప్పు దొరికితే తెలుగులో దిద్దితే చాలు, కన్నడ రూపం తానుగా దిద్దుకుంటుంది. డూప్లికేట్ కోడ్ బాధ లేదు. ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో అదే పాఠం కన్నడ అక్షరాల్లో. మొదటి పాఠాల్లో కవల అక్షరాలు మాత్రమే రావాలి: గ, జ, ద, న, మ, ల. రెండో పేజీ చూడకుండానే మొదటి పేజీ చదవగలుగుతారు. తర్వాత క, త, శ, హ ఒక్కొక్కటిగా. తర్వాత వత్తులు, సూర్య దగ్గర గిలక కథ. చివరి పాఠాలకు కుడి పేజీ తీసేద్దాం.

ప్రోగ్రాము రాసే పిల్లలకు ఒక మాట. ఴ దగ్గర 128 కలపకండి, దానికి వేరే వరుస రాసుకోండి. ౘ, ౙ అన్న మన దంత్య అక్షరాలకు కన్నడంలో ఇల్లే లేదు, అక్కడ ఏం చూపించాలో ముందే తేల్చుకోండి. ఇంకా ఇలాంటివి ఉంటే పట్టిక చేసి సంఘానికి ఇవ్వండి, పుస్తకం వెనక వేద్దాం.

తరగతి చెప్పే అక్కలు, అన్నలు మొదటి పది పాఠాలకు కవల అక్షరాలతోనే మాటలు ఏరి ఇస్తే మేము కూర్చుని టైపు చేసి పెడతాము. చదివినవాళ్ళు మీ అభిప్రాయం రాయండి. ఒప్పుకోనివాళ్ళు తప్పక రాయండి.